ప్రవాసాంధ్ర సంఘాలు – విజ్ఞానసర్వస్వ అర్హత: కోరంగి వలసల నేపథ్యం

వ్యాససంగ్రహం: ప్రవాస తెలుగు సంఘాలకు విజ్ఞానసర్వస్వంలో ప్రత్యేక వ్యాసం ఉండదగునా అన్న ప్రశ్నను గోదావరి డెల్టా వలసల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వలస, కోరంగి, మారిషస్, రంగూన్, విజ్ఞానసర్వస్వం.

1. ఉపోద్ఘాతం

విజ్ఞానసర్వస్వ నిర్మాణంలో మొదటి పని ఎంపిక. కొమర్రాజు లక్ష్మణరావు (1877–1923) జీవితకాలంలో వెలువడిన ఆంధ్ర విజ్ఞానసర్వస్వ సంపుటాలు అకారాన్ని దాటలేదు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభంతో స్థలాభావం తీరింది. ఆధారాల సమస్య మిగిలింది. ఒక సంఘం ఉన్నదని చెప్పడం వేరు, అది చరిత్రలో గణనీయమైనదని నిరూపించడం వేరు.

2. కోరంగి: రేవు నుంచి జనుల పేరుగా

గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి 1839 నాటి తుపానుకు తీవ్రంగా దెబ్బతిన్నది. రేవుగా కాకినాడ క్రమంగా ప్రాధాన్యం పొందింది. అయినా కోరంగి పేరు సముద్రాలు దాటింది. బర్మాలోనూ మారిషస్‌లోనూ తెలుగువారిని 'కోరంగీలు' అని వ్యవహరించారు. వెళ్లినవారందరూ ఆ ఊరివారు కారు. ఇతర కోస్తా ప్రాంతాలవారు కూడా ఆ పేరులోనే కలిసిపోయారు.

3. మారిషస్: సంఘం, సమాజం

చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవారి సంతతి 1940ల ఉత్తరార్ధం నాటికి ఆంధ్ర మహాసభగా సంఘటితమైంది. సంఘాలు తామే వెలువరించుకొనే ప్రత్యేక సంచికలు కార్యవర్గాల వివరాలకు పనికివస్తాయి. ప్రాముఖ్యానికి సాక్ష్యం కాజాలవు. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవుదినం. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడ జరిగాయి. ఇవి సంఘం వెలుపలి ఆధారాలే. కానీ ఇవి నేరుగా చాటేది తెలుగు సమాజపు స్థానాన్ని. అందులో సంఘం పాత్ర ఎంతో ప్రభుత్వ పత్రాలు, సమకాలిక పత్రికలు, ఇతరుల పరిశోధనలు తేల్చాలి. మారిషస్ తెలుగువారిపై వచ్చిన రచనల్లో మహాసభ ప్రస్తావన ఉన్నందున దానికి ప్రత్యేక వ్యాసం సమంజసమే. అయితే ఆ వ్యాసం పరిధి ఆధారాల పరిధిని మించరాదు.

4. రంగూన్: సంచికలు లేని చరిత్ర

1930 మే నెలలో రంగూన్ రేవులోని తెలుగు కూలీలు వేతనాల పెంపు కోరుతూ సమ్మె చేశారు. వారి స్థానంలో బర్మీయులను పెట్టుకొన్న యాజమాన్యాలు సమ్మె ముగియగానే వారిని తొలగించాయి. దానితో చెలరేగిన అల్లర్లలో వందమందికి పైగా మరణించారు. మృతులలో అత్యధికులు భారతీయులు. 1941 డిసెంబరు నాటి జపాన్ బాంబుదాడుల తరువాత అసంఖ్యాకులు కొండదారుల వెంట కాలినడకన స్వదేశం చేరారు. ఈ కూలీల గాథ ప్రత్యేక సంచికలలో కాక ప్రభుత్వ నివేదికలలో, పత్రికలలో నమోదైంది. స్వతంత్ర ఆధారమే కొలమానమైతే, సంచికలు అచ్చువేయించుకోగల సంఘాలకంటె వీరి అర్హతే బలమైనది.

5. ముగింపు

ప్రవాస సంఘానికి ప్రత్యేక వ్యాసం ఇవ్వదగినదే. సభ్యుల సంఖ్యనో ఉత్సవాల వైభవాన్నో బట్టి కాక, ఇతరుల సాక్ష్యాన్ని బట్టి. ఆ సాక్ష్యం చాలనప్పుడు సంఘాన్ని సమాజంపై రాసే వ్యాసంలో ఒక భాగంగా చేర్చడం ఉచితం. 'కోరంగీలు' అన్న శీర్షిక మాత్రం ఏ సంఘం ఆసరా లేకుండానే విజ్ఞానసర్వస్వంలో నిలవగలదు. డెల్టా చరిత్రకారులు ముందుగా పూరించవలసిన ఖాళీ అదే.