భారత - జపాను శాంతిసంధి (1952): ఆంధ్రతీరవాసుల హక్కులు

జపాను 1945 సెప్టెంబరు 2వ తేదీన లొంగుబాటు పత్రముపై సంతకము చేసెను. ఐనను న్యాయశాస్త్రదృష్టిలో భారతదేశమునకును జపానునకును నడుమ యుద్ధస్థితి 1952 ఏప్రిల్ 28వ తేదీ వరకు నిలిచియే యుండెను. ఈ విషయమును తరగతిలో ప్రస్తావించినప్పుడు చెల్పూరు నుండి వచ్చిన మా విద్యార్థి యొకడు, “సార్, ఆ ఏడేండ్లు మనోళ్ల ఆస్తులు ఎవరి కింద ఉన్నట్టు?” అని అడిగెను. సముద్రమునకు దూరమైన ఊరివాడు వేసిన ఆ ప్రశ్నయే మమ్ము ఈ వ్యాసరచనకు పురికొల్పినది.

ఆంధ్రదేశమున ఆ యుద్ధము దూరపువార్తగా మాత్రమే మిగిలి యుండలేదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన ర్యూజో అను విమానవాహక నౌకనుండి బయలుదేరిన జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు కురిపించెను. కొందరు ప్రాణములు గోల్పోయిరి. పట్టణము విడిచి పల్లెలకు పోయినవారు అనేకులు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు సయితము గుంటూరునకు తరలిపోవలసివచ్చెను. ఆనాటి పేలని బాంబొకటి విశాఖ మ్యూజియములో ప్రదర్శనకు ఉంచబడి యున్నది.

1951 సెప్టెంబరు 8వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలో జపానుతో సంధి కుదిరినప్పుడు భారతదేశము ఆ సభకు పోలేదు. జపాను నేలపై విదేశీసైన్యములు నిలిచియుండుట, కొన్ని ద్వీపములు దానికి దక్కకుండుట నెహ్రూ ప్రభుత్వమునకు సమ్మతము కాలేదు. ఓడినవానిని సమానునిగా చూడని సంధి నిలువదని వారి భావము. అందుచే మనము వేరుగా సంధి చేసికొంటిమి. 1952 ఏప్రిల్ 28వ తేదీన యుద్ధస్థితి ముగిసినట్లు ప్రకటించి దౌత్యసంబంధములను నెలకొల్పిన పిదప, జూన్ 9వ తేదీన టోక్యోలో మన పక్షమున కె.కె. చెట్టూరు, జపాను పక్షమున కట్సువో ఒకాజకి సంతకములు చేసిరి. ఆగస్టు 27వ తేదీన సంధి అమలులోనికి వచ్చెను.

ఆ సంధిలోని నాలుగవ, అయిదవ, ఆరవ అధికరణములను ఒకదాని ప్రక్క నొకటి యుంచి చదువవలెను. యుద్ధారంభమునాటికి భారతదేశములో నున్న జపాను ప్రభుత్వపు ఆస్తులను, ఆ దేశీయుల ఆస్తులను తిరిగి యిచ్చుటకు నాలుగవ అధికరణమున మనము అంగీకరించితిమి. అమ్మివేసినవి యున్నచో, ఖర్చులు పోగా మిగిలిన సొమ్మును ఇయ్యవలెను. జపానులో నున్న భారతీయుల ఆస్తులను, తొమ్మిది నెలలలోపల దరఖాస్తు చేసికొన్నవారికి, జపాను తిరిగి యిచ్చుట అయిదవ దాని విషయము. ఆరవ అధికరణములో భారతదేశము యుద్ధపరిహారమును పూర్తిగా వదలుకొనెను. అంతటితో ఆగలేదు, జపాను యుద్ధచర్యల వలన భారతదేశీయులకు కలిగిన హక్కులను సయితము, సంధిలో వేరుగా చెప్పినవి తప్ప, వారి తరఫున వదలుకొనెను.

తెలుగు వ్యాకరణము చదివినవారికి సంధి యను మాట ఇచట మరియొక అర్థమును స్ఫురింపజేయును. రెండచ్చులు కలిసినచోట ఒకటి లోపించుట మనకు నిత్యానుభవమే. ఈ సంధిలో లోపించిన అచ్చు ఏది? విశాఖ రేవులో ఆప్తులను గోల్పోయిన కుటుంబములవారు తమ కష్టమునకు ఎవరిని అడుగవలెనో ఆ కాగితము చెప్పలేదు. 1953 అక్టోబరు 1వ తేదీ వరకు ఆంధ్రరాష్ట్రమే ఏర్పడలేదు. వారి మాటగా వినిపించుటకు తమదను ప్రభుత్వమొకటి లేకపోయెను.

ఇంతకన్న దుస్సహమైనది బర్మా తెలుగువారి స్థితి. కోరంగి రేవునుండి పోయిన కూలీలను అచట కొరంగీలని పిలిచెడివారు. రంగూను రేవులోను బియ్యపు మిల్లులలోను పనిచేసిన ఈ జనులు, 1941 డిసెంబరు 23వ తేదీన రంగూనుపై బాంబులు పడిన పిదప వేల సంఖ్యలో కాలినడకను అడవులు దాటి బయలుదేరిరి. త్రోవలో ఎందరో మరణించిరి. వెనుక నుండిపోయినవారి చేతులలోని జపాను ముద్రించిన రూపాయి నోట్లు 1945లో చెల్లనివయ్యెను. అయిదవ అధికరణము జపాను భూభాగములో నున్న ఆస్తికి మాత్రమే వర్తించును. రంగూనులోని కొట్టో, ఇంటిస్థలమో దానిలోనికి రాదు. బర్మా ప్రభుత్వము 1954 నవంబరు 5వ తేదీన జపానుతో వేరుగా సంధి చేసికొని ఇరువది కోట్ల డాలర్ల పరిహారమును వస్తురూపమునను సేవారూపమునను పొందెను. అది బర్మా రాజ్యమునకు చేరినది గాని పారిపోయి వచ్చిన కొరంగీలకు కాదు. మా విద్యార్థి ప్రశ్నకు ఇంతకన్న సూటియైన సమాధానము మాకు దొరకలేదు.

ఇట్లనుట చేత 1952 నాటి నిర్ణయము తప్పని మేము చెప్పుట లేదు. ప్రతిఫలము రాకపోలేదు. 1960లో కుదిరిన ఒడంబడిక ప్రకారము బైలదిల్లా కొండల ఇనుపఖనిజము ఏటా నలుబది లక్షల టన్నుల లెక్కన జపాను ఉక్కుమిల్లులకు పోవలెను. దానికై కొత్తవలస - కిరందుల్ రైలుమార్గము వెలసెను. 1976లో పనిచేయనారంభించిన విశాఖ వెలుపలి రేవు ఆ ఖనిజపు ఓడలకొరకే తీర్చబడెను. బాంబులు పడిన రేవే ఆ వర్తకమునకు ముఖద్వారమయ్యెను. పాకిస్తానుతో మన వ్యవహారము దీనికి విరుద్ధముగా నడిచినది. 1966 జనవరి 10వ తేదీ నాటి తాష్కెంటు ప్రకటనలో, ఇరుపక్షములు స్వాధీనము చేసికొన్న ఆస్తులను తిరిగి యిచ్చుటను గూర్చి చర్చింతుమని వ్రాసికొనిరి. రెండేండ్లకే, 1968లో, శత్రు ఆస్తి చట్టము వచ్చెను. 2017 నాటి సవరణ దానిని మరింత బిగించెను.

జపాను కంపెనీల లెక్కలు ప్రభుత్వపు దస్త్రములలో వ్రాయబడినవి. కొరంగీల లెక్కను వ్రాసినవారు లేరు. తూర్పుగోదావరి, విశాఖ, శ్రీకాకుళ మండలములలోని రంగూను కుటుంబముల పెట్టెలలో నాటి రసీదులు, దస్తావేజులు, ఉత్తరములు ఇంకను మిగిలియున్నచో, మన శాఖ విద్యార్థులు ముందుగా వెదుకవలసినవి అవియే.