సూదిముల్లు మాట తప్పింది

బొబ్బిలివాళ్ళకి 1757 జనవరి 24 నిన్న మొన్నటి సంగతే. ఆనాటి దిక్సూచి ముల్లూ ఉత్తరమే చూపేది, ఈనాటిదీ అంతే. ఉత్తరం ఎక్కడికి పోతుందిలే అనుకుంటాం. పోయింది సుమండీ!

రుజువు కావాలంటే రాజమండ్రి దాకా రైలెక్కండి. గోదావరి దాటాక గౌరీపట్నం క్వారీల్లో నల్లరాయి ఉంది. ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట పడమటి కనుమల వైపు నుంచి అంతదూరమూ పారివచ్చిందంటారు ఆ లావా. లావా చల్లారేటప్పుడు అందులోని ఇనుప రేణువులు అప్పటి భూమి అయస్కాంతం ఎటుంటే అటే తలపెట్టి బిగుసుకుపోతాయి. అడుగు పొరలో ఆ తల నేటికి పూర్తిగా ఎదురు. పై పొరలో మనలాగే. నడుమ సున్నపురాయి, గుల్లలు. అంటే ఆ మధ్యలో దిక్కులు తారుమారయ్యాయన్నమాట.

ఇలాంటి ఎదురు రాయిని 1906లో ఫ్రాన్సులో బ్రూన్, 1929లో జపానులో మతుయామా చూపించినా నమ్మినవాళ్ళు తక్కువ. చివరి తారుమారుకి సుమారు 7,80,000 ఏళ్ళు. భూమి లోపల కరిగిన ఇనుము సుళ్ళు తిరగడం వల్లే ఇదంతా. ఒక్క మార్పుకి వేల ఏళ్ళు పడుతుంది, కంగారు లేదు.

నా కంగారల్లా ఆ క్వారీల గురించే. మనం యుద్ధానికి స్తంభం నిలబెట్టుకున్నాం. ఆ పొరల్ని మాత్రం కంకర కొట్టి రోడ్లకి పోస్తున్నాం. మొన్న అటునుంచి వస్తుంటే కంకర లారీ ఒకటి ఎదురైంది. ఏ పొరదో, పాపం డ్రైవరుకేం తెలుసు!