భూమికి కాడి దించేదెన్నడు?

పొద్దువాలితే ఎద్దు మెడమీది కాడి దించుతాం. మరి భూమికి దించేదెన్నడు?

ఆరేళ్ళు సాగుచేసిన చేనును ఏడవ ఏట బీడు పెట్టమన్నది యూదుల ధర్మశాస్త్రం. ఆ ఏడు దానంతటదే పండింది బీదల పాలు. మిగిలింది మృగాల పాలు. భూమి దేవునిది, రైతు అందులో పరవాసి అని వారి నమ్మిక.

మామూలు ఏళ్ళలోనూ చేని అంచు, పరిగె బీదలవే. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే గ్రంథం, అంచు 60వ వంతుకు తగ్గరాదన్నది.

అయితే పంట మానితే ఇల్లు గడిచేదెట్లా? 1888-89లో పాలస్తీనాకు వలసవచ్చిన యూదు రైతులకు ఈ చిక్కే వచ్చింది. భూమిని అన్యమతస్థులకు అమ్మినట్లు రాసి సాగుచేసుకోండని కొందరు మతపండితులు దారి చూపారు. జెరూసలేం పండితులు కొందరు ఒప్పలేదు. 2021-22 విరామ సంవత్సరంలోనూ ఆ తగవు తెగలేదు. కాని భూమికి విశ్రాంతి బాకీ ఉన్నామన్నది మాత్రం ఇరుపక్షాలకూ సమ్మతమే.