కృత్రిమ మూత్రపిండము - ఆగిన గుండె

కప్పగుండెను లవణద్రవములో ఉంచి కొట్టుకొనునట్లు చేయుట శరీరశాస్త్ర ప్రయోగశాలలలో పాత పాఠమే. 1882-83 ప్రాంతమున లండనులో సిడ్నీ రింగరు ఈ ప్రయోగములు చేసి, ద్రవములో కాల్షియము లేనిచో గుండె నీరసించుననియు, పొటాసియము మితిమీరినచో ఆగిపోవుననియు చూపెను. అరువది ఏండ్ల తరువాత ఈ పాఠము ఆసుపత్రి మంచము చెంతకు వచ్చినది.

1943లో హాలెండులోని కాంపెన్ పట్టణమున విలెం కోల్ఫ్ అను వైద్యుడు, యుద్ధకాలపు లేమిలో, చెక్కపీపాకు సెల్లోఫేన్ గొట్టము చుట్టి, అందులో రోగి రక్తమును పారించుచు, పీపాను లవణద్రవపు తొట్టిలో త్రిప్పెను. రక్తములోని యూరియా, పొటాసియము సన్నని పొరగుండా వెలుపలికి పోవును. రక్తకణములు, ప్రోటీనులు లోననే నిలుచును. తొలి రోగులలో పెక్కుమంది మరణించిరి. 1945 సెప్టెంబరులో 67 ఏండ్ల స్త్రీ యొకతె స్పృహలేని స్థితినుండి తేరుకొనెను.

1960 చిత్రమైన సంవత్సరము. మార్చిలో సియాటిల్ నగరమున బెల్డింగ్ స్క్రిబ్నర్ రోగి చేతి ధమనికి, సిరకు టెఫ్లాన్ గొట్టములు అమర్చి, రక్తశుద్ధిని ఏండ్లతరబడి సాగించు మార్గము చూపెను. జూలైలో బాల్టిమోరునుండి కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అనువారు, ఛాతీ కోయకయే, రొమ్ముటెముకపై అరచేతులతో నొక్కి, ఆగిన గుండెనుండి రక్తమును పారించవచ్చునని ప్రకటించిరి. మొదటిది దీర్ఘరోగిని బ్రతికించి ఉంచునది. రెండవది అతడు హఠాత్తుగా కూలినపుడు అక్కరకు వచ్చునది. స్క్రిబ్నర్ తొలి దీర్ఘరోగి క్లైడ్ షీల్డ్స్ పదకొండేండ్లు జీవించి, 1971లో గుండెపోటుతోనే పోయెను.

ఎందుచేత గుండె? మూత్రపిండము రేయింబవళ్లు పనిచేయును. యంత్రము సాధారణముగా వారమునకు మూడుమార్లు, నాలుగేసి గంటలు మాత్రమే. నడుమ దినములలో నీరు, పొటాసియము పేరుకొనును. దేహములోని పొటాసియములో నూటికి సుమారు 98 పాళ్లు కణముల లోపలనే ఉండును. రక్తద్రవములో లీటరుకు 3.5 నుండి 5 మిల్లీమోళ్లే. బయటి ఈ కొద్దిపాటి మోతాదు మారినను గుండె కండరపు విద్యుత్స్థితి చెదరును. మనము నీరసించినవారికి ఆదరముతో ఇచ్చు కొబ్బరినీరు ఈ రోగులకు అపథ్యమగుట ఇందువలననే. చికిత్సవేళ పొటాసియము మరీ వేగముగా తగ్గుటయు ప్రమాదకరమే. మూడుమార్ల పద్ధతిలో ఒక విరామము తక్కినవానికంటె ఒక దినము ఎక్కువగును. 32,000 మందికి పైబడిన అమెరికా రోగులను పరిశీలించి 2011లో ప్రకటించిన లెక్కలలో, ఆ దీర్ఘవిరామము ముగిసిన దినమున మరణముల రేటు నూరు మనుష్య-సంవత్సరములకు 22.1, తక్కిన దినములలో 18.0.

గుండె ఆగినచో తక్షణమే ఛాతీ నొక్కుట ఆరంభింతురు. అది లయ తప్పి కంపించుచున్నచో విద్యుదాఘాతము ఇత్తురు. పొటాసియము హెచ్చినదని తోచినచో సిరలోనికి కాల్షియము ఎక్కింతురు. రింగరు కప్పగుండెను నిలిపినది ఈ కాల్షియమే. అయితే ఇది పొటాసియమును రవంతయు తగ్గించదు, గుండెను కొంతసేపు దాని ప్రభావమునకు లొంగకుండ కాచును. ఇన్సులిన్, గ్లూకోజు పొటాసియమును కణములలోనికి నెట్టును. దానిని దేహమునుండి వెలికి తీయుటకు మాత్రము మరల ఆ యంత్రమే కావలెను.