పక్షి వైద్యం, ఎవరి ఖర్చు?

1623లో పియెత్రో దెల్లా వల్లే అనే ఇటలీ యాత్రికుడు గుజరాత్‌లోని ఖంభాత్ రేవుకి వచ్చాడు. రోము నగరపు సంపన్న కుటుంబం వాడు, చూసినదల్లా నేపుల్స్‌లో ఉన్న స్నేహితుడికి ఉత్తరాలుగా రాసిపెట్టే అలవాటున్నవాడు. ఖంభాత్‌లో అతను చూసినవాటిలో ఒక పక్షుల ఆసుపత్రి ఉంది. జబ్బు చేసినవి, కాలో రెక్కో విరిగినవి, జత పోగొట్టుకున్నవి, అన్ని రకాల పిట్టలూ అందులో ఉన్నాయి. వాటిని చూసుకునే మనుషులకు ఊరివాళ్ళ విరాళాలే జీతం. కోలుకున్నవి అడవి పిట్టలైతే ఎగరేసి వదిలేస్తారనీ, పెంపుడువైతే ఎవరైనా ధర్మాత్ముల ఇంటికి ఇస్తారనీ రాశాడు. అతన్ని అన్నిటికన్నా ఆశ్చర్యపరచింది మాత్రం పిట్టలు కావు, తల్లి లేని ఎలుకపిల్లలు. తెల్లగడ్డం ముసలాయన ఒకాయన ముక్కు మీద కళ్ళద్దాలు పెట్టుకుని, పెట్టెలో దూది మధ్య ఉన్న ఆ పిల్లలకి పక్షి ఈకతో పాలు పడుతున్నాడట. పెద్దవయ్యాక వాటి ఇష్టం, ఎక్కడికి పోతే అక్కడికి పోనిస్తానన్నాడట.

ఈ వర్ణన చాలామంది వాడుకున్నారు. కొందరు మన భూతదయకి సాక్ష్యంగా చూపించారు, కొందరు నవ్వుకోడానికి. దెల్లా వల్లేకి నలభై ఏళ్ళ ముందు వచ్చిన ఇంగ్లీషు వర్తకుడు రాల్ఫ్ ఫిచ్ కూడా గుజరాత్‌లో కుంటి కుక్కలకీ పిల్లులకీ, పక్షులకీ ఆసుపత్రులున్నాయని రాశాడు. నా ఆసక్తి దయ మీద కన్నా లెక్కల మీద. ఆ ముసలాయన పూట గడిచేది ఎలా? పాలెవరు కొన్నారు?

జవాబు వర్తకుల చిట్టాల్లో ఉంది. గుజరాత్ రేవుపట్టణాల్లో జైన, వైష్ణవ వర్తక సంఘాలు తమ సరుకు మీద తామే చిన్న సుంకం వేసుకునేవి. దాన్ని 'లాగా' అనేవారు. పత్తి బేలుకింత, ధాన్యం బస్తాకింత. ఎవరి ఇంటి పిట్టకి గాయమైందన్న ప్రశ్నే లేదు, బజారు నడిచినన్నాళ్ళూ పాంజ్రాపోల్ నడిచేది. పాంజ్రాపోల్ అంటే ముసలి, జబ్బు జంతువుల ఆశ్రయం. 1834లో బొంబాయిలో పెద్ద పాంజ్రాపోల్ పెట్టినప్పుడు జంషెడ్జీ జీజీభాయ్ అనే పారశీ వర్తకుడు ముందుండడం, వర్తక సంఘాలు దానికి ఇలాగే సుంకం కట్టడం ఈ పద్ధతికి కొనసాగింపే. ఒక్కటి గమనించాలి. ఇవి ప్రధానంగా ఆశ్రయాలు. మేత, నీళ్ళు, నీడ, చంపకపోవడం. వైద్యం ఆ తర్వాతి మాట.

చంపకపోవడం వేరు, బాగు చేయడం వేరు అన్న తేడా అశోకుడి శాసనాల్లోనే కనిపిస్తుంది. స్తంభశాసనాల్లో ఐదోది చంపకూడని ప్రాణుల జాబితా. అందులో చిలక, గోరింక, చక్రవాకం, హంస పేరుపేరునా ఉన్నాయి. వైద్యం మాట వచ్చేది రెండో శిలాశాసనంలో. మనవాళ్ళు దాన్ని చూడాలంటే దూరం పోనక్కర్లేదు, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉంది. మనుషులకీ పశువులకీ రెండు రకాల చికిత్సలు ఏర్పాటు చేశాననీ, మందుమొక్కలు లేనిచోట తెప్పించి నాటించాననీ చెప్పుకున్నాడు. అక్కడ ఉన్న మాట 'పశు'. చిలక, గోరింకల పేర్లు ఈ జాబితాలోకి రాలేదు. చంపొద్దనడానికి రాజుకి ఖర్చేమీ లేదు. మందు ఇప్పించడానికి ఉంది. నేను ఒక మాట మీద మరీ ఎక్కువ బరువు వేస్తున్నానేమో, 'పశు' అన్నదాంట్లో పిట్టలూ కలిసే ఉన్నాయనేవాళ్ళతో నాకు పేచీ లేదు.

రాజులు పక్షికి వైద్యం చేయించిన చోటు లేకపోలేదు. అది డేగల కొట్టం. పదహారో శతాబ్దపు కుమావు రాజుగా చెప్పే రుద్రదేవుడు సంస్కృతంలో 'శ్యైనిక శాస్త్రం' అని వేటడేగల మీద పుస్తకం రాశాడు. హరప్రసాద శాస్త్రి దాన్ని 1910లో కలకత్తాలో అచ్చువేయించాడు. డేగని మచ్చిక చేయడంతో పాటు దానికొచ్చే రోగాలూ మందులూ అందులో ఉన్నాయి. పశ్చిమాసియాలోనూ యూరప్‌లోనూ డేగవేటగాళ్ళకి ఇంకో విద్య తెలుసు. రెక్కలో ఈక విరిగితే, అంతకుముందు రాలిన అదే స్థానపు ఈకని దాచి ఉంచుకుని, సన్నటి సూదితో విరిగిన మొదలుకి అతికేవారు. ఈక తనంతట తాను రాలి కొత్తది మొలవాలంటే నెలలు పడుతుంది, అన్నాళ్ళూ డేగ పనికిరాదు. అంటే ఇది దయ కాదు, పెట్టుబడి. అక్బరు దగ్గర ఇరవై వేలకు పైగా పావురాలుండేవని ఐనె అక్బరీ చెబుతుంది. వాటిలో ఎంపిక చేసినవి ఐదు వందలు. ఎవరికి ముందు మందు అందేదో ఊహించడం కష్టం కాదు.

మన గోదావరి జిల్లాల్లో ఈ సూత్రం ఇప్పటికీ కళ్ళముందే ఉంది. పందెం కోళ్ళకి కుక్కుటశాస్త్రం ఉంది, కాకి, డేగ, నెమలి, పర్ల అంటూ రంగుల లెక్కలున్నాయి, బాదంపప్పు మేత ఉంది. కత్తి దెబ్బ తిన్న పుంజుకి బరి పక్కనే సూదీదారంతో కుట్లు వేసేవాళ్ళున్నారు. వాళ్ళ చేతిపని చూస్తే పట్నం డాక్టర్లు ముచ్చటపడాల్సిందే. ఓడి పడిపోయిన పుంజు మాత్రం కూరలోకి.

ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పశువైద్య కళాశాలలు (లాహోర్ 1882, బొంబాయి 1886, మద్రాసు 1903) గుర్రాల కోసం, పశువుల కోసం. ఒకటి సైన్యానికి, రెండోది వ్యవసాయానికి. అందులోకి పక్షి వచ్చింది కోడిగా. 1927-28లో కుమావు కొండల్లోని రాణీఖేత్‌లో ఒక కోళ్ళ రోగాన్ని గుర్తించి ఆ ఊరి పేరే పెట్టారు. మనం దాన్ని కొక్కెర తెగులు అంటాం. (రుద్రదేవుడిదీ కుమావే. డేగలకి శాస్త్రం రాసిన కొండల పేరు చివరికి కోళ్ళ జబ్బుకి మిగిలింది.) అప్పటి నుంచీ మన దగ్గర పక్షి వైద్యమంటే మంద వైద్యం. వెయ్యి కోళ్ళకి టీకా ఎంత, మేతలో మందు ఎంత. మందలో ఒక్క కోడి తూలితే దాన్ని తీసేస్తారు, మిగతావాటిని కాపాడుకుంటారు. ఆ లెక్కలో తప్పేమీ లేదు. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ముందున్న ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క పిట్టకి ఎముక కట్టే డాక్టరు దొరకడం ఎందుకు కష్టమో మాత్రం అది చెబుతుంది.

ఇది నాకు పుస్తకంలో తట్టిన విషయం కాదు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూతురు రెండు లవ్‌బర్డ్స్ పెంచుతుంది. హైదరాబాదులో అందరూ లవ్‌బర్డ్స్ అనేవి నిజానికి బడ్జీలు. ఆస్ట్రేలియా పిట్టలు, 1840లో జాన్ గూల్డ్ ప్రాణాలతో ఇంగ్లండు తెచ్చాక ప్రపంచమంతా పాకాయి. ఒకటి పంజరంలోంచి తప్పించుకుని ఫ్యానుకి తగిలింది, ఎడమ రెక్క వేలాడింది. క్లినిక్‌లో ఫీజూ ఎక్స్‌రే కలిపి పదిహేను వందలు దాటుతుందన్నారు. జత కొన్నది ఐదు వందలకి. "పిట్ట కన్నా దాని ఫొటో ఖరీదెక్కువ సార్" అన్నాడు వాళ్ళ నాన్న. ఆ పిల్ల నాకేసి చూసి, "అన్నా, ఇంట్లోనే ఏం చేయొచ్చో చెప్పు" అంది.

ఇంట్లో చేయగలిగింది కొంత ఉంది, అందులో ముఖ్యమైనవి దాదాపు ఉచితమే. చెప్పుల అట్టపెట్టెకి చిల్లులు పొడిచి, అడుగున పాత నూలుగుడ్డ పరిచి, చీకటిగా ఉంచాలి. దెబ్బ కన్నా బెదురే చిన్న పిట్టని ముందు చంపుతుంది. వేడినీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి పెట్టెలో ఒక పక్కనే పెట్టాలి, వేడెక్కువైతే రెండో పక్కకి జరగడానికి చోటుండాలి. పట్టుకునేటప్పుడు రొమ్ము నొక్కకూడదు. పక్షికి మనలా ఉదరవితానం లేదు, రొమ్ముటెముక కదిలితేనే ఊపిరి. ముప్పై గ్రాముల పిట్టలో ఉండే నెత్తురు మూడు మిల్లీలీటర్లు, అంటే అర టీచెంచాకి కాస్త ఎక్కువ. కాబట్టి నాలుగు చుక్కలు కూడా చిన్న విషయం కాదు, శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు మెల్లగా అదిమిపట్టాలి. నోట్లో నీళ్ళు పోయకూడదు. శ్వాసనాళం తెరుచుకునేది నాలుక మొదట్లోనే, పోసిన నీళ్ళు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పసుపు కలిపిన నూనో నెయ్యో రాయడం మన ఇళ్ళల్లో అలవాటు. నూనె పట్టిన ఈకలు వేడిని నిలపలేవు. మనుషుల నొప్పి మాత్రలు అసలే వద్దు. విరిగిన రెక్కని సహజంగా ముడిచిన తీరులోనే ఒంటికి కాగితం టేపుతో, ఊపిరాడేంత వదులుగా, ఆన్చాలి. పక్షి ఎముక త్వరగా అతుకుతుంది, చిన్నవాటికి మూడు వారాలు చాలు. అయితే పిల్లి కరిచినా, ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చినా ఇంటి వైద్యం పనికిరాదు. అప్పుడు సర్కారు పశువుల ఆసుపత్రికైనా ఆ రోజే వెళ్ళాలి, యాంటీబయాటిక్ పడాలి.

ఆ బడ్జీ బతికింది. ఎగరలేదు, పంజరం ఊచలు ముక్కుతో పట్టుకుని ఎక్కుతుంది. ఎక్స్‌రే తీయించి ఉంటే ఎగిరేదా అని ఆ పిల్ల ఇప్పటికీ అడుగుతుంటుంది. (ఇదే మన రామచిలక అయ్యుంటే కథ ఇంకోలా ఉండేది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని పెంచడమే నేరం. అందుకని పెంచేవాళ్ళు డాక్టరు దగ్గరికే పోరు.)

ఖంభాత్ ఆసుపత్రికి ఈ కాలపు వారసత్వం ఢిల్లీలో ఉంది. ఎర్రకోట ఎదురుగా దిగంబర జైన లాల్ మందిర్ ఆవరణలో 1930 ప్రాంతంలో మొదలైన పక్షుల ఆసుపత్రి అది. ఇప్పుడున్న భవనం 1957 నాటిది. ఎవరు ఏ గాయపడ్డ పావురాన్ని తెచ్చినా వైద్యం ఉచితం, ఖర్చు భక్తుల విరాళాలది. అయితే అక్కడ నియమమొకటుంది. గింజలు తినే పక్షులే లోపలుంటాయి. మాంసం తినేవాటికి పడక లేదు, పైపైన చూసి పంపిస్తారు. జైన ధర్మంలోంచి చూస్తే దీనికి అర్థముంది, గద్దకి మాంసం పెట్టడమంటే ఇంకో ప్రాణిని చంపించడమే. శిబి చక్రవర్తి కథలో డేగ వేసిన ప్రశ్నా ఇదే కదా, పావురాన్ని కాపాడావు సరే, నా తిండి మాటేమిటని. శిబి తన తొడ కోసిచ్చాడు. ఆసుపత్రులు అలా చేయలేవు.

ఈ నియమం తగిలింది పాత ఢిల్లీ అన్నదమ్ములిద్దరికి, నదీమ్ షెహజాద్, మొహమ్మద్ సౌద్‌లకి. కుర్రతనంలో గాయపడ్డ గద్దనొకదాన్ని ఆ ఆసుపత్రికి తీసుకెళితే మాంసాహారి అని చేర్చుకోలేదు. ఢిల్లీలో ఆగస్టు 15కి గాలిపటాలు ఎగరేస్తారు, మనం సంక్రాంతికి ఎగరేసినట్టే. గాజుపొడి పూసిన దారం ఎత్తున ఎగిరే గద్దల రెక్కల్ని కండరం దాకా కోస్తుంది. నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతా నిషేధించింది. హైదరాబాదులో సంక్రాంతి వెళ్ళాక చెట్ల కొమ్మల్లోకి చూస్తే ఆ నిషేధం ఎంత నడుస్తోందో తెలుస్తుంది. అన్నదమ్ములు డాక్టర్లు కారు. ఒకప్పుడు వ్యాయామశాలలో కండలు పెంచినవాళ్ళు, కండరం గురించీ స్నాయువు గురించీ తెలిసింది అక్కడేనట. చేతి సబ్బు డబ్బాలు తయారుచేసే కుటుంబ వ్యాపారంతో ఈ పనిని నెట్టుకొచ్చి, 2010లో సంస్థగా నమోదు చేశారు. శౌనక్ సేన్ 2022లో తీసిన 'ఆల్ దట్ బ్రీత్స్' వీళ్ళ గురించే.

ఆ సినిమాని కవితాత్మకమని చాలామంది మెచ్చుకున్నారు, నిజమే. నాకు మాత్రం అది ఎక్కువగా డబ్బు గురించిన సినిమాగా కనిపించింది. విదేశీ విరాళాలకి అనుమతి కోసం కాగితాలు, సబ్బు డబ్బాలూ కట్లు కట్టిన గద్దలూ పక్కపక్కనే ఉన్న నేలమాళిగ, మొరాయించే మాంసం రుబ్బే యంత్రం. గద్దలకి మాంసం ముక్కలు విసిరితే సవాబు, అంటే పుణ్యం, వస్తుందని పాత ఢిల్లీ ముస్లింలలో ఒక నమ్మకముంది. ఆ ముక్కలు ఎగిరే గద్దకే అందుతాయి. ఎగరలేని వాటి కోసం వీళ్ళు రోజూ మాంసం కొని, యంత్రంలో వేసి, చిన్న ముక్కలు చేసి, ఒక్కోదాని నోటికీ అందిస్తారు. మాంసం ధర పెరిగినప్పుడల్లా లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.