నాగజెముడును దాని వైద్యమును

నెల్లూరు తీరపు గ్రామములలో నేడు పెరుగుచున్న బాలురకు నాగజెముడనగా ఇసుకదిబ్బలపై అక్కడక్కడ కనబడు ముండ్లచెట్టు మాత్రమే. దాని పండు తినిన నాలుక యెఱ్ఱబడునని మాత్రము వారెఱుగుదురు. నూఱేండ్లకు పూర్వము ఈ చెట్టు చెన్నరాజధానిలోని ఎన్నో యూళ్లను కోటగోడవలె చుట్టుముట్టి యుండెను. కాలిబాటలను మూసివేసెను, బీళ్లను మ్రింగెను, పాములకును ఎలుకలకును నిలయమయ్యెను. దాని చాటున ఊరివారు మలవిసర్జనము చేయుటచే ఆ మురికియంతయు వానకు కొట్టుకొనిపోయి చెఱువులలోను గుంటలలోను కలియుచుండెను. కలరా యేల వచ్చెనని గ్రామదేవతను అడుగువారే కాని, డొంకవైపు చూచువారు తక్కువ.

ఈ చెట్టు మనది కాదు. అమెరికాఖండమున పుట్టినది. మన భాష దీని ఆకారమున నాగుబాము పడగను చూచి పేరుపెట్టి తనదిగా చేసికొన్నది. అంతమాత్రమున పరదేశి స్వదేశి కానేరదు. అట్లని పరదేశమునుండి వచ్చిన దెల్ల శత్రువని మేము చెప్పము. మిరపకాయ అమెరికానుండి రాలేదా? అది లేని నెల్లూరి చేపలపులుసు నెవ్వ రూహింపగలరు? 1868లో పడమటితీరమున కార్వారునందు నాటుటతో మన దేశమున తోటలుగా ప్రబలిన సరుగుడు ఈ తీరపు ఇసుకను నిలబెట్టి, ఎందఱో పేదల పొయ్యి వెలిగించినది. వచ్చిన దేదో యెఱిగి తెచ్చితిమా, యెఱుగక తెచ్చితిమా యన్నదే ఇందు విచారింపదగిన విషయము. ఆ విచారమునకు నాగజెముడు చరిత్రమువంటి పాఠము మఱియొకటి లేదు. చిత్రమేమన, ఆ చరిత్రము ఒక వైద్యునితో ఆరంభమగుచున్నది.

పదునెనిమిదవ శతాబ్దము చివర చెన్నపట్టణమున కంపెనీవారి వైద్యులలో పెద్దవాడు జేమ్సు ఆండర్సను. ఆ కాలమున యూరపుఖండమున ఉన్నివస్త్రములకు వేయు శ్రేష్ఠమైన యెఱుపురంగు కోచినీలు అను చిన్న పురుగునుండి వచ్చుచుండెను. ఆ పురుగు మెక్సికోదేశమున నాగజెముడుజాతి చెట్లపై బ్రతుకును. దాని వర్తకము స్పెయినువారి గుప్పిటిలో నుండెను. మన తీరమున నట్టి పురుగును పెంచి ఆ గుత్తను పగులగొట్టవలెనని ఆండర్సను సంకల్పించెను. 1786లో చెన్నపట్టణమువద్ద గడ్డిపై కనబడిన యొక పురుగును చూచి, ఇదియే కోచినీలు కావచ్చునని ఆయన లండనులోని సర్ జోసెఫ్ బ్యాంక్సునకు జాబులు వ్రాయసాగెను. అది కోచినీలు కాదు. అయినను ఆయన ఉత్సాహము తగ్గలేదు. సైదాపేటలో ఈ చెట్లకై ప్రత్యేకముగా నొక తోట వేయించి, తన బంధువైన బెర్రీ యను వైద్యుని చేతిలో నుంచెను. పురుగు రాకమునుపే దాని ఆహారము సిద్ధమయ్యెను!

ఈ తోటలోని దళసరి ఆకులు మఱియొక పనికి వచ్చునని కూడ ఆండర్సను తలచెను. నెలలతరబడి సముద్రముమీద నుండు నావికులకు చిగుళ్లు వాచి, నెత్తురు కాఱి, పాతగాయములు మరల తెఱచుకొని ప్రాణము తీయు స్కర్వీరోగమునకు ఇవి మందగునని ఆయన యభిప్రాయము. తాజా కూరగాయలు లేకపోవుటయే ఆ రోగమునకు కారణము గనుక, చాలకాలము వాడని యీ యాకు ఉపకరించునన్న తలంపు తప్పు కాదు. అయితే ఆ రోగము విషయమున అప్పటికే మఱియొక వైద్యుడు సరియైన మార్గము చూపియుండెను. 1747లో జేమ్సు లిండు అను ఓడవైద్యుడు పండ్రెండుగురు రోగులను ఇద్దఱిద్దఱిగా విడదీసి, ఒక్కొక్క జంటకు ఒక్కొక్క మందిచ్చి చూచెను. పుల్లనారింజలును నిమ్మపండ్లును తిన్న యిద్దఱు లేచి తిరిగిరి. తక్కినవారు అంతగా కోలుకొనలేదు. పని అతి స్వల్పము. కాని, 'నాకు గుణమిచ్చినది' అను మాటకును, 'దీనిచే గుణమిచ్చినది' అను మాటకును గల భేదమును అది తేల్చివేసినది. ఇంతచేసియు ఆంగ్లేయ నౌకాదళమువారు నిమ్మరసమును నియమముగా నిచ్చుట 1795లో గాని ఆరంభింపలేదు.

ఆ 1795లోనే నీల్సను అను కాప్టెను బ్రెజిలుదేశపు రియో రేవునుండి పురుగుపట్టిన నాగజెముడు మొక్కను కలకత్తాకు తెచ్చెను. అచ్చటినుండి పురుగు చెన్నపట్టణము చేరెను. అందఱును ఇదియే మెక్సికో కోచినీలనుకొనిరి. కాదు. అది దాని జ్ఞాతి. రంగు తక్కువ, ఆకలి యెక్కువ. రంగుపరిశ్రమ పెరుగలేదు సరికదా, ఏ చెట్లపై దానిని పెంపదలచిరో ఆ చెట్లనే అది తిని పీల్చి నేల గూల్చెను. ఇట్లు ఒక జాతి నాగజెముడు దేశమున చాలభాగమున నశించెను. 1836 మొదలు 1838 వఱకు నీ పురుగునే దక్షిణదేశమున కావలెనని విడిచి, ఆ జాతిని నిర్మూలించిరి. లోకమున ఒక కలుపుమొక్కను పురుగుచేత చంపించిన తొలి యుదాహరణములలో ఇది యొకటియని శాస్త్రజ్ఞులు నేడు చెప్పుకొనుచున్నారు. రంగు కొఱకు తెచ్చినది మందుగా పరిణమించెనన్నమాట. అది యదృష్టము, దానిని బుద్ధియని చెప్పుకొనరాదు.

కాని నాగజెముడు ఒక జాతి కాదు. పసుపుపచ్చని వాడిముండ్లు గల మఱియొక జాతిని ఈ పురుగు ముట్టనైన ముట్టలేదు. మొదటి జాతి విడిచిన తావులనుకూడ రెండవది ఆక్రమించెను. దానిని వ్యాపింపజేసిన దోషము మనయందును గలదు. పశువులు రాకుండ చేలకు కంచెగా నాటినది మనమే. రైలుదారులకు వెలుగుగా నాటినదియు మనుష్యులే. నఱికిన ప్రతిముక్కయు వేరుతన్ని మఱియొక చెట్టగును. పండ్లు తిన్న పక్షులు గింజలను ఊరూర చల్లును. నఱికించుట, పాతించుట, కాల్పించుట యన్నియు జరిగినవి. కూలి యైపోయెను గాని చెట్టు పోలేదు. కరవు కాలమున ముండ్లు కాల్చి ఆ మట్టలను పశువులకు మేతగా వేసిన సంగతియు మఱవరాదు. ఆకలిగొన్న యింటివానికి శత్రువును మిత్రుడే.

1926లో సింహళమునుండి మఱియొక జాతి కోచినీలు చెన్నరాజధానికి వచ్చెను. ఈ మాఱు పొరపాటు లేదు. ఈ జాతి ఏ నాగజెముడును తినునో ముందే తెలిసియుండెను. సింహళమున అది చేసిన పనియు కన్నులయెదుట నుండెను. చేయవలసినది అతిసులభము. పురుగుపట్టిన మట్టనొకదానిని తెచ్చి, పట్టని డొంకమీద నుంచుటయే. దూదిపింజలవలె తెల్లని మచ్చలు మట్టలపై కనబడును. చిదిమిన వ్రేలు రక్తమువలె నెఱ్ఱనగును. కొంతకాలమునకు మట్టలు పండుబాఱి, క్రుళ్లి, నేలకూలును. ఐదాఱేండ్లలో దక్షిణదేశమున సుమారు లక్షయెకరముల నేల బయటపడినట్లు లెక్క వేసిరి. ఏ సర్కారు ఖజానాయు కూలియిచ్చి యింతపని చేయింపజాలదు.

ఇంతటితో కథ ముగిసినచో మనము పురుగునకు నమస్కరించి యూరకుండవచ్చును. కాని ఒకచోటి మందు మఱియొకచోట మారియగును. బ్రెజిలుదేశపు ఈశాన్యభాగమున నాగజెముడు పశువులకు ముఖ్యమైన మేత; మనకు మేలుచేసిన ఈ జాతియే అచ్చట పశుపోషకుల కన్నీటికి కారణమైనది. ఇథియోపియాలోని టిగ్రేసీమలో నాగజెముడు పండు పేదల యాహారము. ఈ శతాబ్దారంభమున రంగుపరిశ్రమకై అచ్చటికి అసలైన మెక్సికో కోచినీలును గొనిపోగా, అది తోటలు దాటి ప్రజల చెట్లపై బడి పంట చెఱచెను. ఆండర్సను కల రెండువందల యేండ్లకు పిమ్మట, మఱియొక ఖండమున, ఇట్లు ఫలించినది.

మన సీమకు మరల వత్తము. నెల్లూరు తీరమున నేడు నాగజెముడు విడిచిన పీఠముపై కూర్చున్నది సర్కారుతుమ్మ. 1876లో అడవిశాఖాధికారియైన బెడ్డోము దీని విత్తనములు కావలెనని చెన్నపట్టణపు సర్కారునకు వ్రాసెను. తరువాతి రెండేండ్లలో కడపజిల్లా కమలాపురము ప్రాంతమున మొక్కలు నాటిరి. అది మహాక్షామపు కాలము. వానలేనిచోటను బ్రతుకు చెట్టు, వంటచెఱకిచ్చు చెట్టు దొరకినచో ఎవరు వలదందురు? సంకల్పము సాధువే. కాని నాటుటకు ముందు ఒక ప్రశ్న అడుగవలసియుండెను: వలదనుకొన్ననాడు దీనిని ఆపు ఉపాయమేమి? అది యెవ్వరును అడుగలేదు. ఇప్పుడది ఉప్పునేలలను, బకింగ్‌హాము కాలువ గట్లను, బీళ్లను ఆక్రమించినది. దీనిని కొట్టి బొగ్గుకాల్చి బ్రతుకు కుటుంబములు వేలకొలదిగా నున్నవి గనుక, దీనిపై నొక పురుగును విడువుమనుటయు ఇప్పుడు సులభము కాదు. ముదిరిన దీర్ఘరోగమునకు వైద్యుడు నిర్మూలన మాట విడిచి అదుపు మాట చెప్పునట్లు, దీని విషయమునను అదుపే మాట్లాడవలసియున్నది. ఏటేట కొట్టుట, మొలకనాడే పెఱుకుట, చెఱువులలోనికి రానీయకుండుట.

తెలిసి చేసిన వైద్యము మన కండ్లయెదుటను గలదు. జామాయిలు తోటలపై ఈ శతాబ్దారంభమున ఒక చిన్న కందిరీగజాతి కీటకము వచ్చి పడెను. ఆకుతొడిమలపైని లేతకొమ్మలపైని బుడిపెలు పుట్టించి, నారుమళ్లను తోటలను కుంగదీయును. కర్ణాటకమునను తమిళదేశమునను ముందు కనబడి, కొలది యేండ్లలో మన జిల్లాలకును వచ్చి, కాగితపుమిల్లులకు కఱ్ఱ పెంచు రైతులను బెదరించినది. చెట్టు ఆస్ట్రేలియాది, పురుగు ఆస్ట్రేలియాది, దానిని తిను శత్రువు మాత్రము తోడుగా రాలేదు. అట్టి శత్రుకీటకమును విదేశమునుండి తెప్పించి, బెంగుళూరు ప్రయోగశాలలో బంధించి, ఇతరప్రాణులకు హానిచేయునో లేదో పరీక్షించి, పిమ్మటనే తోటలలో విడిచిరి. ఆండర్సను కాలమునకును ఈ కాలమునకును గల తారతమ్య మంతయు ఆ 'పిమ్మటనే' యన్న మాటలో నున్నది.

మనుష్యరోగములకు ఈ జాగ్రత్త చట్టముగా వచ్చినది ముందు. 1896లో ఓడలవెంట బొంబాయికి మహామారి రాగా, 1897లో అంటురోగముల చట్టమును చేసిరి. చెట్లకు వచ్చు అంటువ్యాధులకై 1914లో మఱియొక చట్టము వచ్చెను. మన చెన్నరాజధానివారు 1919లో తమ సొంత చట్టము చేసికొనిరి. ఆ 1897నాటి చట్టమునే 2020లో కరోనా వచ్చినపుడు మరల పైకి తీసిరి.

ఆ కరోనాదినములలో మన నెల్లూరు తీరము దేశమంతట చెప్పుకొనబడినది. 2021 మే నెలలో ముత్తుకూరు మండలపు కృష్ణపట్నమున ఆనందయ్య యను నాటువైద్యుడు ఆకులలములతోను తేనెతోను చేసిన మందును ఉచితముగా నిచ్చుచుండగా, వేలకొలది జనులు ఆ చిన్న గ్రామమునకు క్రమ్ముకొనిరి. ప్రాణవాయువు గొట్టములతో అంబులెన్సులలో వచ్చినవారును గలరు. ఆస్పత్రులలో మంచములు దొరకక, ఉన్నదమ్ముకొని తిరుగుచున్న కుటుంబములు పరుగెత్తివచ్చుట తప్పని మేమనము. పట్టణములలో చల్లని గదులలో గూర్చుండి వారిని పరిహసించిన చదువరులకంటె వారి దుఃఖము గౌరవింపదగినది. అయితే అంటురోగులును ఆరోగ్యవంతులును భుజము భుజము రాచుకొని వరుసలలో నిలుచుట ప్రమాదము కాదా? సర్కారు పంపిణీ నాపించి, ఆయుర్వేదశాస్త్రజ్ఞులచే పరీక్ష చేయించెను. మే 31వ తేదీని కంటిచుక్కలు తప్ప తక్కిన మందులలో వారు చూచినవానికి అనుమతి నిచ్చెను. వానివలన హాని కనబడలేదనియు, వానిచే కరోనా తగ్గునన్న నిదర్శనమును లేదనియు, వైద్యులిచ్చిన మందులు మానరాదనియు, రోగులు స్వయముగా రాక బంధువులను పంపవలెననియు ఆ యుత్తరువులో నుండెను.

కొందఱు ఆ పరీక్షను నాటువైద్యమునకు అవమానమనిరి. కొందఱు నాటుమందుకు పరీక్ష యేల, నిషేధమే చాలుననిరి. రెండును మాకు సమ్మతములు కావు. నిమ్మరసమును పరీక్షింపకమునుపు దానినియు ఎవ్వరో ముసలమ్మ చెప్పిన మాటగానే యెంచియుందురు. మందు పెరటిలో పుట్టినను సీమలో పుట్టినను అడుగవలసిన ప్రశ్నలు అవియే: ఇది యేది? ఎవరిపై చూచితిరి? ఇవ్వనివారికేమి జరిగినది? కంటిలో వేయుచుక్క విషయమున, చూపు పోయినచో తిరిగిరాదు గనుక, ఆ ప్రశ్నలు మఱింత కఠినముగా అడుగుట న్యాయమే.

ఆ గ్రామమునకు చేరువనే కృష్ణపట్నపు రేవు గలదు. 2008లో తెఱచిన యీ రేవునకు దేశదేశముల సరకులు వచ్చును. 2003లో కేంద్రసర్కారు చేసిన యుత్తరువు ప్రకారము విదేశపు కలప ఏ రేవున దిగినను ఆరోగ్యపత్రము లేనిదే లోనికి రాకూడదు. కాని పురుగులు కలప రాశులలో మాత్రమే రావు. యంత్రముల క్రింద నుంచు చెక్కపలకలలోను, పెట్టెల మూలలలోను దాగివచ్చును. అందుచే 2002లో లోకమంతటికి నొక నియమము చేసిరి. ఆ పలకలు తరువాత పాతసామానుల యంగళ్లకు చేరి, మన యిండ్లలో బల్లలుగను పొయ్యిక్రింద కట్టెలుగను మాఱుచున్నవి. కొనునప్పుడు పలకప్రక్కను చూడుడు; గోధుమవెన్నువంటి గుఱుతును, దానిప్రక్క రెండక్షరములును కాల్చి ముద్రించియుండును. హెచ్‌.టి. యన్నచో లోపలి పురుగు చచ్చునంతగా వేడిచేసిరనియు, ఎం.బి. యన్నచో మిథైలు బ్రోమైడు విషవాయువు పట్టించిరనియు అర్థము. రెండవదానిని వంటపొయ్యిలో పెట్టకుండుట మంచిది. ఏ గుఱుతును లేని విదేశపు పలకలో కన్నములును, క్రొత్తగా రాలిన పొడియు కనబడినచో దానిని తోటలో పడవేయక వెంటనే వ్యవసాయశాఖవారికో అడవిశాఖవారికో చూపవలెను.