తేటనీళ్ళన్నీ తాగేనీళ్ళు కావు

అరోరాలో ఉంటున్న మనలో చాలామందిమి 1996 తర్వాత వచ్చినవాళ్ళమే. అందుకే ఆ ఏడాది జూలై 17, 18 తేదీల్లో ఇక్కడ పడిన వాన సంగతి మనకి పెద్దగా తెలీదు. 24 గంటల్లో 16.91 అంగుళాలు! ఇల్లినాయ్ రాష్ట్రానికే అది రికార్డు. ఇళ్ళల్లో బేస్‌మెంట్లు నిండిపోయాయి.

వరదొస్తే చుట్టూ నీళ్ళే గానీ, మురుగు కలిస్తే గొంతు తడుపుకోడానికి చుక్క ఉండదు. ఈ బాధ మనవాళ్ళకి కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో సుమారు 15 వేలమంది పోయారని అంచనా. ఆ దెబ్బ తర్వాతే ఉస్మాన్‌సాగర్ కట్టారు. 1920లో పూర్తయిన ఆ చెరువు వరదని ఆపడమే కాదు, నగరానికి మంచినీళ్ళూ ఇచ్చింది.

చిత్రం ఏంటంటే, మూసీ వరదకి సరిగ్గా రెండు రోజుల ముందు న్యూజెర్సీలో డాక్టర్ జాన్ లీల్ జెర్సీ సిటీ నీళ్ళలో క్లోరిన్ మందు కలపడం మొదలుపెట్టారు. అమెరికాలో ఒక నగరం తాగేనీళ్ళకి నిత్యం అలా కలపడం అదే మొదలు. దానిమీద కోర్టులో పెద్ద వాదనే నడిచింది. చివరికి లీల్ మాటే నెగ్గింది. మన ఊరి బావుల్లో చల్లే బ్లీచింగ్ పౌడర్‌దీ అదే గుణం.

మన పెద్దవాళ్ళు కుండలో చిల్లగింజ అరగదీసి బురదనీళ్ళు తేర్చేవాళ్ళు. మంచి ఉపాయమే, కానీ తేరినంత మాత్రాన క్రిములు చావవు. ముందు గుడ్డతో వడగట్టి, తర్వాత నీళ్ళు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం పూర్తిగా మరగనివ్వాలి. పొయ్యి లేకపోతే, వాసనా రంగూ కలపని మామూలు బ్లీచ్ వాడొచ్చు. సీసామీద 6 శాతం అని ఉంటే గ్యాలనుకి 8 చుక్కలు, 8.25 శాతమైతే 6 చుక్కలు. కలిపి అరగంట ఆగాలి. నీళ్ళు మసకగా ఉంటే చుక్కలు రెట్టింపు చెయ్యాలి.

ఒక్కటి మర్చిపోవద్దు. పెట్రోలు, రసాయనాలు కలిసిన నీళ్ళని మరగబెట్టినా, బ్లీచ్ వేసినా లాభం లేదు. అలాంటప్పుడు సీసానీళ్ళే దిక్కు.

నీళ్ళు మరగబెట్టుకోమని సిటీవాళ్ళు చెప్పేది ఇంగ్లీషులో వస్తుంది. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న మన రూమ్మేటుకి అది తెలియకపోవచ్చు. లేపి తెలుగులో చెబుదాం.